కంటికి కానరాని విషము

మురికినీటిని త్రాగుటకు పసివాడును సంకోచించును. కుళ్ళిన చేపను ఏ గృహిణియు కొనదు. కంటికిని, ముక్కునకును తెలియు దోషమునుండి మనలను మనము కాపాడుకొనగలము. కాని తేటనీటియందును, నిగనిగలాడు చేపయందును దాగియుండు దోషము వేరొకటి కలదు. సీసము, పాదరసము, కాడ్మియము మొదలగు భారలోహముల విషమే అది.

ఇతర మలినములకును వీనికిని ముఖ్యమైన భేదమొకటి కలదు. ఆకులలములు కుళ్ళి మట్టిలో కలియును, పేడ ఎరువగును. లోహము కుళ్ళదు, నశింపదు. చెరువడుగున బురదలో చేరి నిలిచియుండును. మన బత్తలపల్లి వంటి స్వల్పవర్షపు సీమలో ఈ విషయము మరింత ఆలోచింపదగినది. వానకు నిండిన చెరువు ఎండకు ఇంకిపోవును. ఆవిరియై పోవునది నీరే కాని లోహము కాదు. మరుసటి యేట క్రొత్తనీరు వచ్చినను, పాతబురద పాతబురదయే.

ఆ బురదయందలి సూక్ష్మజీవులు పాదరసమును మిథైల్ పాదరసమను ఘోరవిషముగా మార్చును. దానిని నాచు గ్రహించును. నాచును పురుగులు, పురుగులను చిరుచేపలు, చిరుచేపలను కొరమీను, వాలుగ వంటి వేటచేపలు తినును. మెట్టు మెట్టునకు విషము చిక్కబడును. తుదిమెట్టున నిలిచినవాడు మనుష్యుడు. పాదరసము నరములను, సీసము పిల్లల బుద్ధివికాసమును, కాడ్మియము మూత్రపిండములను చెరచును.

ఇది వట్టి ఊహ కాదు. జపాను దేశమున మినమాత పట్టణమున 1956లో వింతవ్యాధి యొకటి బయల్పడినది. కర్మాగారము సముద్రపుపాయలోనికి వదలిన పాదరసము చేపల మూలమున మనుష్యులకు సంక్రమించినదని పిమ్మట తేలినది. 1965లో అదే దేశమున అగానో నదీతీరమున, అనగా మంచినీటి చేపలను తినువారియందు, అదే వ్యాధి కనిపించెను. 1971లో న్యాయస్థానము కర్మాగారమునే బాధ్యురాలిగా నిర్ణయించినది.

మన రాష్ట్రమున కొల్లేటి సరస్సును చూడుడు. పట్టణముల మురుగును, కర్మాగారముల వ్యర్థజలమును కాలువల వెంట అందు చేరుచు వచ్చినవి. అచ్చటి బురదలోని భారలోహములు తినెడి చేపల శరీరములలో చేరుచున్నవని 2004లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. నదిచేప చెడ్డది, పెంచిన చేప మంచిది అను నియమము లేదు. పెంపకపు చెరువునకు పారు నీరెట్టిదో, వేయు మేత యెట్టిదో చేపయు అట్టిదే.

కొందరు "కడిగి, బాగుగా ఉడికించినచో దోషము పోవును గదా" యందురు. పోదు. సీసము, కాడ్మియము మొప్పలయందును, కాలేయాదులయందును హెచ్చుగా చేరును గనుక వానిని తీసివేయుట కొంత మేలే. కాని పాదరసము కండయందే యుండును. ఏ మంటయు దానిని తొలగింపజాలదు. మరికొందరు "చేపలు తినుటయే మానుడు" అందురు. నేనిందుకు సమ్మతింపను. బీదకుటుంబములకు చేప బలమైన ఆహారము. జాలరికి అది జీవనము. విషమును కలిపినవాడొకడు, నష్టపోవువాడు మరియొకడు అగుట న్యాయమా?

కిలో చేపలో సీసము 0.3 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ఆహారభద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. నిబంధన గ్రంథములో ఉన్నంతమాత్రమున కంచములోని చేప శుద్ధము కాదు. చెరువులోని చేపలను గుత్తకిచ్చునపుడు పాట ఎంతవరకు పోయెనని అందరు అడుగుదురు. నీరెట్లున్నదని అడుగువారు అరుదు. చిత్రావతీతీరమున ధర్మవరములో పట్టునూలునకు రంగులద్దుదురు. హిందూపురము చెంత కర్మాగారములున్నవి. ఆ నీరు విషమని పరీక్షింపక నేననను. పరీక్షింపక నిర్దోషమనియు ఎవరును అనరాదు. కావున ఏటేట చెరువుల నీటిని, బురదను, చేపలను పరీక్షింపవలెను. ఫలితమును పంచాయతి గోడపై అందరికిని తెలియునట్లు వ్రాయవలెను. వ్యర్థజలమును శుద్ధిచేయు వ్యయమును దానిని వదలువారే భరింపవలెను.

బాలబాలికలారా! మీరు చేయదగిన పనియు కలదు. పాడైన బ్యాటరీలను, పగిలిన జ్వరమానికలను వంకలోనికి విసరకుడు. వినాయకచవితికి రసాయనపు రంగులు పూయని మట్టిప్రతిమనే పూజింపుడు. అన్నిటికన్న మిన్నగా, మీ ఊరి చెరువును గూర్చి ప్రశ్నించుట నేర్చుకొనుడు. చెరువునకు మనమేమి ఇత్తుమో, అది తిరిగి దానినే మన కంచమున వడ్డించును.