యూనివర్సిటీ బ్యాండుకి పలక పనికిరాదా?

అమెరికాలో ఎమ్మెస్ చేసిన మనవాళ్ళకి ఫుట్‌బాల్ ఆట అర్థం కాకపోయినా, ఆట మధ్యలో వచ్చే యూనివర్సిటీ బ్యాండు మాత్రం గుర్తుండిపోతుంది. 1907లో పర్డ్యూ బ్యాండు మామూలు వరసలు వదిలేసి మైదానంలో 'పి' అక్షరం ఆకారంలో నిలబడింది. 1936 నుంచి ఒహాయో స్టేట్ వాళ్ళు నడుస్తూనే 'ఒహాయో' అని గొలుసుకట్టులో రాస్తున్నారు. చివర్న ఒక సౌసాఫోన్ కుర్రాడు వచ్చి 'ఐ' మీద చుక్కై నిలబడతాడు. స్టేడియం అంతా ఊగిపోతుంది. ఆలోచిస్తే ఇవేవీ వేదకాలం నాటివి కావు. ఎవరో ఒకసారి మొదలుపెట్టారు, తర్వాతివాళ్ళు వదల్లేదు. సంప్రదాయం అంటే అంతే కదా!

మరి మన సంగతి? మన కాలేజీల్లో బ్యాండు అంటే మామూలుగా 1948లో పుట్టిన ఎన్.సి.సి. వాళ్ళదే. ఆగస్టు 15కి, జనవరి 26కి డ్రమ్ములూ బ్యూగుళ్ళూ బయటికొస్తాయి. దాన్ని తప్పు పట్టను. కాకపోతే ఆ పద్ధతి తెల్లవాళ్ళ పటాలాల నుంచి వచ్చింది. మా కడప 1800లో, కర్నూలు 1839లో కంపెనీ చేతికి పోయాయి. అంతకు ముందు కూడా మావాళ్ళు వాయిస్తూ ఊరేగినవాళ్ళే.

దేంతో? పలకతో. తప్పెట అన్నా, డప్పు అన్నా అదే. కట్టె చట్రానికి మేక తోలు బిగిస్తారు. వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువు తెప్పిస్తారు. ఒక చేతిలో లావు పుల్ల, ఇంకో చేతిలో సన్న పుల్ల. భుజానికి తగిలించుకుని నడుస్తూ, గెంతుతూ, తిరుగుతూ వాయించొచ్చు. నడిచే బ్యాండుకి ఇంతకన్నా అనువైన వాయిద్యం ఏముంది చెప్పండి?

మరి యూనివర్సిటీ గేటు దాకా ఎందుకు రాలేదు? అసలు విషయం కులం. పలక మాదిగల వాయిద్యం. చావుకీ జాతరకీ వాళ్ళే వచ్చి వాయించాలి, ఊరు ఇచ్చింది పుచ్చుకోవాలి. ఆ వెట్టి మాకొద్దని పలక కింద పెట్టినవాళ్ళు ఉన్నారు. అది ఆత్మగౌరవం, తప్పనడానికి మనమెవరం? కాబట్టి "మన జానపద కళ" అంటూ యూనివర్సిటీలో కూడా ఆ పిల్లల చేతికే పలకిచ్చి, మిగతావాళ్ళు కుర్చీల్లో కూచుని చప్పట్లు కొడితే, అది పాత ఊరే, కొత్త బిల్డింగు.

నా మట్టుకు నాకు తోచింది ఇది. పలక వాయించే పెద్దమనిషికి డిగ్రీ ఉందా అని అడక్కుండా జీతమిచ్చి గురువుగా పెట్టుకోవాలి. అన్ని కులాల పిల్లలూ, ఆడపిల్లలూ ఆయన దగ్గర నేర్చుకోవాలి. దానికి క్రెడిట్లు ఇవ్వాలి. దరువులన్నీ రికార్డు చేసి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పేరుతో సహా రాసిపెట్టాలి. డాక్యుమెంటేషన్ లేని కోడు, రాసినవాడు వెళ్ళిపోతే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

ఇది గాల్లో మేడ కాదు. ఫ్లోరిడా ఏ అండ్ ఎం నల్లజాతి పిల్లల కోసం పుట్టిన యూనివర్సిటీ. 1946లో విలియం ఫాస్టర్ వచ్చి దాని బ్యాండుని కొత్తగా నిలబెట్టారు. 1989లో ఫ్రెంచి విప్లవం రెండొందల ఏళ్ళ పండక్కి అది పారిస్ వీధుల్లో కవాతు చేసింది. అయితే అదే బ్యాండులో 2011లో, సీనియర్ల "ఆనవాయితీ" దెబ్బలకి ఒక విద్యార్థి చనిపోయాడు. బ్యాండుని 2013 దాకా ఆపేశారు. 1997లోనే ర్యాగింగు మీద చట్టం చేసుకున్న రాష్ట్రం మనది, ఈ పాఠం మనకీ పనికొస్తుంది. సంప్రదాయంలో ఏది ఉంచాలో, ఏది పారేయాలో మొదటి రోజే తేల్చుకోవాలి.

కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూల్లో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. రెండూ కుర్రవే. ఇప్పుడు మొదలుపెట్టిందే రేపటి ఆనవాయితీ అవుతుంది. కులాన్ని కడిగేసిన వేమన పేరు పెట్టుకున్న చోట పలక మోగకపోతే ఇంకెక్కడ మోగుతుంది?

చదివిన కాలేజీకి ఏదన్నా చెయ్యాలనిపిస్తే మనం ముందుగా కంప్యూటర్లు కొనిస్తాం. మంచిదే, అవి నాలుగేళ్ళకి పాతబడతాయి. ఈసారి ఒక గురువుగారి ఏడాది జీతం ఇచ్చి చూద్దామా? ఏమంటారు?