గెలిచింది పాత్రా... వేళ్లా?

'అసలు అది ఆర్‌పీజీయే కాదు!'

వీడియోగేమ్‌లు ఆడే పిల్లలున్న ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపించకమానదు. ఆర్‌పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్. మనం ఒక పాత్రగా మారి ఆడే ఆటన్నమాట. దానికింత గొడవెందుకు, ఏ వీడియోగేమ్‌లోనైనా ఎవరో ఒకరి పాత్రలోనే కదా ఆడేది... అనుకుంటున్నారా? తిరకాసంతా అక్కడే ఉంది. పాత్ర ఉంటే చాలనుకుంటే మారియో కూడా ఆర్‌పీజీయే అయిపోతుంది. చాలదంటే గీత ఎక్కడ గీయాలి?

నలభై ఏళ్లు దాటినా అభిమానుల మధ్య తెగని తగవిది. పైకి పేరు గురించిన పేచీలాగే ఉంటుంది. లోపలున్న ప్రశ్న మాత్రం వేరు... ఆటలో గెలుపు ఎవరిది?

బల్ల మీద పుట్టిన ఆట

ఈ ఆటలకు బీజం పడింది కంప్యూటర్‌లో కాదు, బల్ల మీద. 1974లో అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను తెచ్చారు. బొమ్మ సైనికులతో యుద్ధాలాడే సరదాలోంచి పుట్టిందది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తుంటే మిగిలినవాళ్లలో ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఇంకొకరు దొంగ. ఎవరి బలమెంత, తెలివెంత అన్నది కాగితం మీద అంకెల్లో ఉంటుంది.

'తలుపు బద్దలు కొడతా' అని ఆటగాడు అన్నంత మాత్రాన అది బద్దలవదు. పాచిక వేయాలి. పడిన అంకె, పాత్ర బలం కలిసి తలుపు సంగతి తేలుస్తాయి. కానీ తలుపు కొట్టాలా, కాపలావాణ్ని మాటల్లో పెట్టాలా, మారుమాట్లాడకుండా వెనుదిరగాలా అన్నది ఆటగాడి ఇష్టం.

అంటే ఆ ఆటకు ప్రాణం రెండు చోట్ల ఉంది. ఒకటి అంకెలు, రెండోది ఇష్టం. 1981లో 'అల్టిమా', 'విజార్డ్రీ' కంప్యూటర్‌లోకి వచ్చాయి. లెక్కలు కంప్యూటర్‌కు వెన్నతో పెట్టిన విద్య కాబట్టి అంకెలు ఇట్టే ఒదిగిపోయాయి. ఆటగాడు ఏమంటే దానికి తగ్గట్టు అప్పటికప్పుడు కథ అల్లే మనిషి మాత్రం పెట్టెలో పట్టలేదు. అప్పట్నుంచీ అంకెలే ప్రాణమనేవాళ్లు ఒక జట్టు, ఇష్టమే ప్రాణమనేవాళ్లు మరో జట్టు!

అష్టాచెమ్మా... గోలీలాట

మొదటి తగవు వేళ్ల గురించి. మన ఆటలతో పోల్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అష్టాచెమ్మాలో గవ్వలెలా పడతాయో మన చేతిలో లేదు. ఏ కాయ జరపాలన్నదే మన తెలివి. గోలీలాటలో అలా కాదు, గురి కుదిరితే గెలుస్తాం, వేలు వణికితే ఓడతాం. పాతతరం ఆర్‌పీజీలు అష్టాచెమ్మా బాపతు. వంతులవారీగా, తాపీగా, ఆలోచించి ఆడేవి. 1990ల చివర్లో సంచలనం సృష్టించిన 'డయాబ్లో' కూడా మొదట వంతులవారీ ఆటగానే తయారవుతూ, మధ్యలో నిలకడలేని వేగానికి మారిపోయింది. మౌస్ నొక్కడమే తరువాయి, కత్తి దిగుతుంది. 'ఇంకెక్కడి ఆర్‌పీజీ!' అన్నారు పాతవాళ్లు. 'లెవెళ్లున్నాయి, ఆయుధాలున్నాయి, ఇంకేం కావాలి?' అన్నారు కొత్తవాళ్లు.

2022లో 'ఎల్డెన్ రింగ్' వచ్చాక ఈ వాదం మరింత రాజుకుంది. అందులో పాత్రకు బలం, ఓపిక, తెలివి... అన్నిటికీ అంకెలున్నాయి. కానీ చేయి తిరిగినవాళ్లు ఒక్క అంకె కూడా పెంచకుండా, మొదటి లెవెల్లోనే ఉండి ఆట మొత్తం ముగించారు. మరి గెలిచిందెవరు... పాత్రా, ఆటగాడి వేళ్లా?

కథ ఎవరు రాయాలి?

రెండో తగవు కథ గురించి. 'అల్టిమా', 'విజార్డ్రీ'ల మీద మోజు పడ్డ జపాన్ రచయిత యూజీ హోరీ, ఆ చిక్కులన్నీ విప్పి నాలుగు బటన్లతో చిన్నపిల్లలూ ఆడగలిగేలా 1986లో 'డ్రాగన్ క్వెస్ట్'ను తీర్చిదిద్దారు. మరుసటేడాది 'ఫైనల్ ఫాంటసీ' వచ్చింది. ఈ దారిలో వచ్చిన ఆటల్లో చాలావాటికి కథ ముందే రాసి ఉంటుంది. నాయకుడి పేరు, ప్రేమ, పగ అన్నీ రచయితవే.

'మన ఇష్టమే లేనప్పుడు ఇక పాత్ర ఏమిటి?' అంటారు పాశ్చాత్య ఆటల అభిమానులు. కానీ పౌరాణిక నాటకంలో కృష్ణుడి వేషం కట్టిన నటుడు పద్యం మార్చడు కదా! అంతమాత్రాన అది పాత్రపోషణ కాకుండా పోతుందా? పిల్లలు బొమ్మల పెళ్లి ఆడేటప్పుడు మాత్రం ఎవరూ రాసిపెట్టరు, అప్పటికప్పుడు అల్లుకుంటారు. ఇదీ పాత్రే, అదీ పాత్రే.

ఈ తగవు మనసులు నొప్పించిన సందర్భమూ ఉంది. జపాన్‌లో తయారైన వాటికి 'జేఆర్‌పీజీ' అని విడిగా పేరు పెట్టారు. 'ఫైనల్ ఫాంటసీ 16' నిర్మాత నవోకీ యోషిదా 2023లో ఒక ఇంటర్వ్యూలో, ఆ మాట తొలిసారి విన్నప్పుడు తమను వేరుచేసి చిన్నచూపు చూసినట్లు అనిపించిందన్నారు. తాము చేసింది ఆర్‌పీజీ అనుకునే చేశామన్నది ఆయన ఆవేదన. 2025లో ఫ్రాన్స్‌లోని ఒక చిన్న సంస్థ 'క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' తెస్తే, అభిమానులు దాన్నీ జేఆర్‌పీజీ అనే పిలిచారు. దేశం పేరుతో గీసిన గీత అలా చెరిగిపోయింది!

ఒకే బహుమతి... రెండు దారులు

అమెరికాలో ఏటా జరిగే 'ద గేమ్ అవార్డ్స్' వేడుకలో ఉత్తమ ఆర్‌పీజీకి విడిగా బహుమతి ఉంది. 2022లో దాన్ని అందుకున్నది 'ఎల్డెన్ రింగే'. అడుగడుగునా పోరాటమే. అంతకు మూడేళ్ల ముందు, 2019లో అదే బహుమతి 'డిస్కో ఎలీజియం'కు దక్కింది. అందులో ఆట దాదాపు అంతా మాటలే! జ్ఞాపకశక్తి పోయిన ఒక పోలీసు డిటెక్టివ్ కథ అది. అతడిలోని 24 గుణాలు బుర్రలో కూర్చుని ఒకదానితో ఒకటి వాదించుకుంటుంటాయి. గట్టిగా అడగాలన్నా, అబద్ధం పసిగట్టాలన్నా పాచికలు దయతలచాలి. 2023లో మళ్లీ 'బాల్డర్స్ గేట్ 3' గెలిచింది. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' నియమాల మీదే నడిచే ఆట. ఇరవై ముఖాల పాచిక తెర మీద దొర్లుతుంటే చూడొచ్చు. (ఈ రెండూ పెద్దవాళ్ల ఆటలు, పిల్లల చేతికి ఇచ్చేవి కావు.)

ఈ మూడింటినీ కలిపే దారం ఒకటే. పాత్ర వేరు, మనం వేరు. మనకు రానిది పాత్రకు వచ్చి ఉండాలి, మనకొచ్చింది దానికి రాకపోవచ్చు. మనం తెలివైనవాళ్లమైనా మొద్దు యోధుడిగా ఉండాల్సి వస్తే, మొద్దుగానే దారి వెతుక్కోవాలి. ఆ కొలతతో చూస్తే మొదటి లెవెల్లో 'ఎల్డెన్ రింగ్' ముగించినవాడు గొప్ప ఆటగాడే, కానీ పాత్రను పక్కన పెట్టేశాడు. అదే ఆటలో ఓపిగ్గా ఒక మాంత్రికుణ్ని పెంచి గెలిచినవాడు పాత్రను పోషించాడు. అంటే ఆర్‌పీజీ అన్నది డబ్బా మీది ముద్రలో సగమే ఉంది, మిగతా సగం ఆడే తీరులో ఉంది.

అందుకే ఇంట్లో ఈ తగవు మొదలైతే ఏ ఆట అసలైనదని తీర్పు చెప్పబోకండి. 'నీ పాత్ర చేసిన పని, నువ్వయితే చేసుండేవాడివా?' అని అడిగి చూడండి. జవాబు కోసం మీ అబ్బాయి కాసేపు ఆగి ఆలోచించాడంటే... వాడు ఆడింది ఆర్‌పీజీయే!