'రాము' అనగలిగిన నాడే బాకాకు మర్యాద

బడి తెరిచిన వారంలో రిజిస్టరు రాస్తాం. పిల్లవాడి పేరు, ఊరు, కులం, తండ్రి చేసే పని. ఈ ఏడు ఒక పిల్లవాణ్ణి "మీ నాయన ఏం పని చేస్తాడ్రా?" అని అడిగాం. "కూలికి పోతాడు సార్" అన్నాడు. వాడి నాయన మాకు తెలుసు. చుట్టుపక్కల పది ఊళ్ళ పెళ్ళిళ్ళలో ట్రంపెట్ ఊదే మనిషి. కొత్త సినిమా పాట పొద్దున విన్నాడంటే సాయంత్రానికి ఊదేస్తాడు. అలాంటి తండ్రి విద్యను కొడుకు దాచిపెట్టి కూలి అని రాయించుకున్నాడు. కూలి పనిలో లేని నామోషీ బ్యాండులో ఏముంది?

వాణ్ణి తప్పు పట్టే అర్హత మాకు లేదు. మా నాయన డప్పు కొట్టాడు. తర్వాత బ్యాండులో పెద్ద డ్రమ్ము మోశాడు. మా ఇంట డిగ్రీ మొహం చూసింది మేమే మొదలు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఫారంలోనూ "వ్యవసాయ కూలీ" అనే రాశాం. ఆ డ్రమ్ము డబ్బులతోనే పుస్తకాలు కొనుక్కున్నాం గానీ డ్రమ్ము మాట మాత్రం నోట రానివ్వలేదు.

ఆ సాయంత్రం బడి వదిలాక ఆ పిల్లవాణ్ణీ ఇంకో నలుగురినీ కూర్చోబెట్టి ఫోన్లో ఒక మేళాన్ని చూపించాం. దాని పేరు కెనడియన్ బ్రాస్. మనుషులు ఐదుగురే. రెండు ట్రంపెట్లు, ఒక హార్న్, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా. డ్రమ్ము లేదు, తాళాలు లేవు. ఐదుగురి ఊపిరి, ఐదు ఇత్తడి గొట్టాలు, అంతే. 1970లో కెనడా దేశం టొరంటో నగరంలో ట్యూబా ఊదే చక్ డెలెన్‌బాక్, ట్రాంబోన్ ఊదే జీన్ వాట్స్ కలిసి దీన్ని మొదలుపెట్టారు. తొలి రోజుల్లో హామిల్టన్ అనే ఊళ్ళో బళ్ళకు పోయి పిల్లలకు వాయించారు. పెద్ద పెద్ద హాళ్ళకు ఎక్కినా ఆ అలవాటు పోలేదు. ఒంటి మీద నల్ల సూటు, కాళ్ళకు తెల్లటి ఆటల బూట్లు. పాటకూ పాటకూ మధ్య జనంతో మాట్లాడతారు, నవ్విస్తారు.

వాళ్ళు వాయించేది ఫలానా సంగీతం అని చెప్పలేం. జర్మనీ బాఖ్ చర్చి ఆర్గన్ కోసం రాసిన సంగీతం ఊదుతారు. వెనిస్ నగరపు గాబ్రియేలీని ఊదుతారు. ఆ వెంటనే బీటిల్స్ పాట, ఆ పైన ఫ్యాట్స్ వాలర్, డ్యూక్ ఎల్లింగ్టన్ లాంటి నల్లజాతి వాళ్ళ జాజ్. ఎందుకిలా? ఇలాంటి మేళానికి పాతకాలపు సొంత పాటల మూట పెద్దగా లేదు గనక. ట్రంపెట్‌కు మీటలు వచ్చిందే పందొమ్మిదో శతాబ్దం మొదట్లో. బాఖ్ 1750లోనే చనిపోయాడు. కాబట్టి ఇంకో వాద్యానికి రాసినదాన్ని ఐదుగురికి పంచి మళ్ళీ రాసుకోవాలి. ఎదురుగా కూర్చున్నది పిల్లలైతే ఒక పాట, పెద్దలైతే ఒక పాట. లోకంలో ఉన్న సంగీతమంతా తెచ్చి తమ ఊపిరిలో కలుపుకోవాలి.

ఇది చెప్పగానే ఆ పిల్లవాడే అన్నాడు: "మా నాయన చేసేదీ అదే గదా సార్!"

అదే మరి. మన బ్యాండు మేళం చేసే పని ఇంకేమిటి? హిందువుల పెళ్ళికి దేవుడి పాట. క్రైస్తవుల పెళ్ళికి కీర్తన. ఊరేగింపులో సినిమా పాట. ఓట్ల కాలంలో ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీ పాట. చావుకు చావు పాట. క్లారినెట్ ముందు నడుస్తుంది, ట్రంపెట్ అందుకుంటుంది, యుఫోనియం కింద నుంచి పట్టి మోస్తుంది. కాగితం చూడరు. చెవితో విని వేళ్ళలో దాచుకుంటారు. ఈ విద్యను ఏ సంగీత కళాశాలా నేర్పలేదు. గొట్టం కూడా వేరు కాదు. తెల్లవాడి పటాలంతో ఈ దేశానికొచ్చిన బ్యాండు మన చేతికొచ్చింది. ఇప్పుడు మీరట్‌లో తయారై మన ఊరి దాకా వస్తోంది.

మరి తేడా ఎక్కడుంది? ఆ ఐదుగురినీ 1977లో వాళ్ళ ప్రభుత్వం తమ దేశం తరఫున చైనాకు పంపింది. 1979లో న్యూయార్కులోని కార్నెగీ హాలులో వాయించారు. వందకు పైగా రికార్డులు చేశారు. ప్రతి రికార్డు అట్ట మీద ఎవరేం వాయించారో, పాటను ఐదుగురికి ఎవరు పంచి రాశారో పేర్లతో సహా ఉంటుంది. మన వాళ్ళకు పేరెక్కడుంది? "ఏయ్ బ్యాండోళ్ళూ!" అన్నదే పేరు. అందరి బంతులూ లేచాక, పందిరి వెనక, చీకట్లో అన్నం. పెళ్ళి ఫోటోలో అందరూ ఉంటారు, మన వాళ్ళు ఉండరు.

అయితే "చూశారా, తెల్లదేశంలో కళకు ఎంత మర్యాదో" అని చెప్పడానికి ఈ మాటలు రాయడం లేదు. ఆ మర్యాద అక్కడా ఊరికే రాలేదు. అక్కడా అందరికీ రాలేదు.

ఈ ఐదుగురికి ఒక అలవాటుంది. "జస్ట్ ఎ క్లోజర్ వాక్ విత్ దీ" అనే క్రైస్తవ కీర్తనను నెమ్మదిగా ఊదుతూ జనం మధ్య నుంచి నడిచొచ్చి వేదికెక్కుతారు. ఆ నడక ఎవరిది? అమెరికా దక్షిణాన న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లవాళ్ళ చావు ఊరేగింపు నడక అది. బానిసత్వం పోయాక కూడా నల్లవాడికి ఆసుపత్రి లేదు, బీమా లేదు, గౌరవంగా పూడ్చే దిక్కు లేదు. అందుకని వాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు. బతికున్నప్పుడు తలా కొంత చందా కట్టాలి. జబ్బు చేస్తే వైద్యుడి ఖర్చు సంఘానిది. చనిపోతే శవపేటిక సంఘానిది, బ్యాండు సంఘానిది. శ్మశానం దాకా శోకపు పాట. శవాన్ని సాగనంపాక తిరుగు దారిలో హుషారు పాట, వెనకాల జనం చిందులు. బతికినన్నాళ్ళూ తల వంచుకు నడిచిన మనిషిని చివరి రోజున వీధంతా తలెత్తి చూసేలా సాగనంపడానికి ఊదిన బాకా అది. జాజ్ అని లోకమంతా మెచ్చుకునే సంగీతానికి ఆ వీధి బ్యాండ్లు ఒక పుట్టిల్లు.

డప్పు మోతతో పీనుగను సాగనంపే మనకు ఆ నడక ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్కటే తేడా. వాళ్ళు తమ చావుకు తాము వాయించుకున్నారు. మన తాతలు దొర చావుకు వాయించారు, పిలిస్తే పరుగెత్తి.

కెనడా మేళం ఒక మంచి పని చేసింది, అదీ చెప్పాలి. ఫ్యాట్స్ వాలర్ పాటల్ని ఐదుగురికి పంచి రాసే పని లూథర్ హెండర్సన్ అనే నల్లజాతి సంగీతకారుడికే ఇచ్చారు, పేరు వేశారు. మన డప్పు దరువును సినిమా వాళ్ళు ఎన్నిసార్లు వాడుకోలేదు? ఆ దరువు ఎవరి పల్లెలో పుట్టిందో తెర మీద పేరు పడగా మేము చూడలేదు.

ఇక తిరుగుడు మాట. మేళమంటేనే ఊళ్ళు తిరగాలి. అమెరికాలో తెల్ల మేళం తిరగడం వేరు, నల్ల మేళం తిరగడం వేరు. డ్యూక్ ఎల్లింగ్టన్ అంతటివాడు 1930లలో దక్షిణ రాష్ట్రాలకు పోవాలంటే రైలు పెట్టెల్ని అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది. ఎందుకు? ఆ ఊళ్ళలో తెల్లవాళ్ళ హోటళ్ళు నల్లవాడికి గది ఇవ్వవు, అన్నం పెట్టవు. రాత్రి అతని పాటకు చిందులేసినవాళ్ళే పొద్దున అతన్ని గుమ్మం తొక్కనివ్వరు. పందిరి వెనక తిన్న అన్నం మనకు గుర్తుకు రావడం లేదా?

ఆ కాలంలో ట్రంపెట్‌కు లోకమంతటా పేరు తెచ్చినవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1901లో న్యూ ఆర్లియన్స్‌లో కడుపేద ఇంట పుట్టాడు. చిన్నతనంలో, 1913లో, నల్లపిల్లల్ని దిద్దే బడిలో పడేస్తే అక్కడి బ్యాండులో కార్నెట్ ఊదాడు. పెద్దవాడై దేశదేశాలు తిరిగాడు. 1956లో అతని సొంత రాష్ట్రం లూసియానా ఒక చట్టం చేసింది: తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే వేదిక మీద కలిసి వాయించకూడదు. అతని మేళంలో ఇద్దరూ ఉన్నారు. "అయితే రాను" అన్నాడు. 1965 దాకా పుట్టిన ఊళ్ళో వాయించలేదు. 1957లో లిటిల్ రాక్ అనే ఊళ్ళో తొమ్మిదిమంది నల్లపిల్లల్ని బడిలోకి రానీయకుండా సైనికుల్ని అడ్డం పెట్టారు. ఆ రోజుల్లోనే అమెరికా ప్రభుత్వం అతన్ని తమ తరఫున రష్యా పంపాలనుకుంది. మా పిల్లల్ని బడికి రానివ్వని ప్రభుత్వం తరఫున నేను ఊదేది లేదన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ కనిపించే మనిషి, తెల్లవాళ్ళకు నచ్చేలా నడుచుకుంటాడని సొంత జాతి వాళ్ళే విసుక్కున్న మనిషి, ఆ మాట అన్నాడు.

బాకాకు మర్యాద ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ తెలుస్తోంది. సూటు నుంచి కాదు, హాలు నుంచి కాదు. "రాను" అనే మాట నుంచి.

మా నాయన సంగతే చూడండి. ఒక రాత్రి జ్వరంతో పడుకున్నాడు. ఊళ్ళో పెద్దింట్లో ఎవరో పోయారు. మనిషొచ్చి "లెగువయ్యా, డప్పు తీసుకురా" అన్నాడు. ఒళ్ళు కాలుతున్న మనిషి తెల్లవార్లూ కొట్టాడు. మర్నాడు ఇచ్చింది రెండు మానికల జొన్నలు. అడిగే హక్కు లేదు, మానే హక్కు లేదు. దాని పేరు వెట్టి. తర్వాత పల్లెలో కుర్రాళ్ళు చందాలేసుకుని బ్యాండుసెట్టు కొన్నారు. నాయన అందులో చేరాడు. చేరాక ఆయన నోట మేము ఒక కొత్త మాట విన్నాం: "ఎంతిస్తారు?" ఆ తర్వాత ఇంకో మాట: "ఆ రోజు వీలు కాదు." చేతిలో ఉన్నది అదే మనిషి అదే కర్ర. మాట మారింది, మనిషి మారాడు.

మనలో కొందరు సోదరులు అంటారు: "డప్పూ బ్యాండూ కులం అంటగట్టిన చాకిరీ. అవతల పారేయండి, పిల్లల్ని చదివించండి." ఆ మాట వెనక ఉన్న కసి మాకు తెలుసు. చావు డప్పు కొట్టమని తెగేసి చెప్పి, పనులు పోగొట్టుకుని, దెబ్బలు తిన్న పల్లెలున్నాయి. వాళ్ళు చేసింది పోరాటం. దానికి దండం పెడతాం. కానీ 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును భుజానేసుకుని హైదరాబాదు దాకా మోగించింది కదా. ఒకరు పారేసి గెలిచారు, ఒకరు మోగించి గెలిచారు. రెండింటిలోనూ ఉన్నది ఒకటే: ఎప్పుడు కొట్టాలో, ఎవరికి కొట్టాలో తేల్చేది మనం.

అందుకని మేము ఒక గీటురాయి పెడుతున్నాం. పిలుపు వచ్చినప్పుడు "రాము" అని చెప్పి, ఆ రాత్రి నిశ్చింతగా పడుకోగలమా? పడుకోగలిగితే అది విద్య, దాన్ని పిల్లలకు నేర్పుదాం. పడుకోలేకపోతే అది వెట్టి, దాన్ని ఆ రోజే ఆపుదాం. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. మనవాళ్ళ చేత వెట్టి చేయించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. చట్టం కాగితం మీద ఉంది, దాన్ని పల్లెలోకి నడిపించాల్సింది సంఘం.

మరి ఏం చేయాలి? ఒప్పుకునే ముందే రేటు కాగితం మీద రాయించుకోండి, బయానా పుచ్చుకోండి. అన్నం అందరితోపాటు బంతిలో అని అప్పుడే చెప్పండి, కాదంటే మానేయండి. ఒక్క మేళం మానేస్తే పక్క ఊరి మేళం పోకూడదు. అందుకు మండలంలోని మేళాలన్నీ ఒక్క మాట మీద ఉండాలి. న్యూ ఆర్లియన్స్ వాళ్ళలా తలా కొంత చందా వేసి జబ్బుకీ చావుకీ నిధి పెట్టుకోండి. ఊపిరి అమ్ముకునే వాళ్ళకు ఊపిరితిత్తులు చెడితే దిక్కెవరు? ట్రాక్టరు మీద డీజే డబ్బాలొచ్చి మేళాల పొట్ట కొడుతున్నాయి. పెద్ద మాస్టర్లు కన్నుమూసేలోగా వాళ్ళ పాటల్ని ఫోన్లలోనైనా పట్టి పెట్టండి, పేరుతో సహా. ముందు మన పెళ్ళిళ్ళలో, మన జయంతి సభల్లో మన మేళాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పేరూ మైకులో చదవండి. మనం చదవని పేరు ఊరు చదువుతుందా?

1873లో మహాత్మా ఫూలే తన 'గులాంగిరీ' పుస్తకాన్ని అమెరికాలో నల్లవాళ్ళ బానిసత్వాన్ని పోగొట్టడానికి పాటుపడిన వాళ్ళకు అంకితమిచ్చాడు. వాళ్ళ బాకా మన చెవికి అంత దగ్గరగా వినిపించడం ఈ రోజు పుట్టిన సంగతి కాదు.

మా రిజిస్టరులో ఆ గడిలో ఇంకా "కూలి" అనే ఉంది. మేము దిద్దలేదు. మాకు మేముగా దిద్దితే అది మా సంతోషం కోసం దిద్దినట్టే. "సార్, మా నాయన బ్యాండు మాస్టరు, అట్టా రాయండి" అని ఆ పిల్లవాడే వచ్చి అడగాలి. అలా అడగడానికి వాడికి ధైర్యం రావాలంటే, వచ్చే పెళ్ళిళ్ళ నెలలో వాడి నాయన పందిరి వెనక కాదు, బంతిలో కూర్చుని అన్నం తినాలి. ఆ పని మనది.

జై భీమ్.