చప్పట్లో ఎన్ని చప్పుళ్లు?

మా మేనకోడలి నానమ్మకి కీళ్లవాతం. రాత్రి రెండింటికి లేచి బాత్రూంకి వెళ్లాలంటే చీకట్లో గోడ తడుముకుంటూ స్విచ్ బోర్డు దాకా నడవాలి. ఆ నాలుగడుగుల్లోనే మొన్న చలికాలంలో ఒకసారి పడింది. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు నా దగ్గరకొచ్చి, "మావయ్యా, చప్పట్లు కొడితే లైటు వెలిగేది నాకు నేర్పించవా?" అని అడిగింది అందుకే. స్కూల్లో ప్రాజెక్టు కూడా ఇవ్వాలట. కానీ ముందు చెప్పింది నానమ్మ సంగతే.

"నేర్పిస్తాను అమ్మలూ, కానీ గోడలో కరెంటు జోలికి పోవద్దు. ప్రతి టంకం నువ్వే పెట్టాలి" అన్నాను. ఆ రెండో మాట ఊరికే అనలేదు. కొన్నేళ్లుగా బడి పిల్లల సైన్స్ ఫెయిర్లకు జడ్జిగా వెళ్తున్నాను. క్లాప్ స్విచ్ లేని ఫెయిర్ ఒక్కటీ చూడలేదు. దాదాపు అన్నీ దుకాణంలో కొనుక్కొచ్చినవే. నున్నటి అట్టపెట్టె, పైన బల్బు, పక్కన ఇంగ్లీషులో బట్టీపట్టిన నాలుగు వాక్యాలు. "మైకు వైర్లు తిరగేసి పెడితే ఏమవుతుందమ్మా?" అని అడిగితే ఆ పిల్ల టీచర్ వైపు చూస్తుంది, టీచర్ నా వైపు చూస్తారు. ఆ చూపులకి నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిల్ల తప్పేముంది? పెట్టె కొనిచ్చినవాళ్లం మనమే కదా.

కోఠీలో గుజరాతీ గల్లీకి ఇద్దరం వెళ్లాం. బటాణీ గింజంత కండెన్సర్ మైకు, బీసీ547 ట్రాన్సిస్టర్లు, 555 ఐసీ, 4017 ఐసీ, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక బ్రెడ్ బోర్డు కొన్నాం. ఇంటికొచ్చాక మైకుని బోర్లా తిప్పి చూపించాను. రెండు కాళ్లుంటాయి. అందులో ఒకదాన్నుంచి సన్నటి రాగి దారులు బయటి డొప్పకి అంటుకుని ఉంటాయి, అది మైనస్. ఇలాంటి మైకుని 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ తయారుచేశారు. లోపల ఒక పల్చటి ప్లాస్టిక్ పొర, దానిమీద ఏళ్ల తరబడి నిలిచిపోయే విద్యుదావేశం. చప్పుడుకి పొర కదిలితే వోల్టేజీ కదులుతుంది. మన ఫోన్లలోకి చిప్ మైకులు వచ్చేదాకా ప్రపంచంలో ఎక్కువ మైకులు ఈ రకానివే.

మిగతాది ఒక వరసలో పోతుంది. మైకుకి 10 కిలో ఓముల రెసిస్టర్ గుండా కరెంటు అందుతుంది. అది వినిపించే చిన్న అలని 0.1 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ ట్రాన్సిస్టర్ బేస్‌కి చేరవేస్తుంది. ట్రాన్సిస్టర్ దాన్ని పెద్దది చేస్తుంది. 4017 వచ్చిన దెబ్బలని లెక్కపెడుతుంది. మొదటి దెబ్బకి వెలిగించు, రెండో దెబ్బకి మళ్లీ మొదటికి రా అని దాని 4వ కాలుని 15వ కాలుకి కలిపితే చాలు. చప్పట్లకి వెలిగి, చప్పట్లకి ఆరే దీపం ఇంతే.

అమ్మాయి అలాగే కలిపింది. 555ని కావాలనే పక్కన పెట్టించాను. చప్పట్లు కొట్టింది, ఎల్ఈడీ వెలిగింది. ఎగిరి గంతేసింది. మళ్లీ కొట్టింది, ఆరలేదు. ఇంకోసారి కొడితే ఆరి, ఆ తర్వాతి దానికి వెలగనే లేదు. వైరింగ్ తప్పేమోనని అన్నీ పీకి మళ్లీ పెట్టింది. అదే వరస. నేను నోరు మెదపలేదు. కాసేపటికి నోట్‌బుక్ తీసి, ఇరవై సార్లు కొట్టి, వెలిగినప్పుడు టిక్కు, వెలగనప్పుడు ఇంటూ పెట్టుకుంది. ఆ ఇరవై గుర్తుల్లో ఒక లెక్కా పత్రం లేదు. "మావయ్యా, నేను ఒకసారే కొడుతున్నాను. ఇది ఎన్నిసార్లు వింటోంది?" అంది.

ఆ ప్రశ్న కోసమే నేను కూర్చున్నది. చప్పట్లో ఒక్క చప్పుడు ఉండదు. అరచేతులు తగిలినప్పుడు పుట్టేది ఒక అలల గుంపు. అది నాలుగు మీటర్ల అవతలి గోడకి తగిలి తిరిగి వచ్చేసరికి సెకనులో నలభయ్యో వంతు గడుస్తుంది. అక్కడితో ఆగదు, ఈ గోడకీ ఆ గోడకీ, నేలకీ పైకప్పుకీ కొట్టుకుంటూ సన్నగిల్లుతుంది. మన చెవి వాటన్నిటినీ కలిపి ఒకటిగా వింటుంది. ఐసీ వేటికవి లెక్కపెడుతుంది. సరి సంఖ్య వస్తే దీపం ఉన్నచోటే ఉంటుంది, బేసి వస్తే మారుతుంది. నమ్మకం కుదరాలని బోర్డుని సామాన్లు తీసేసిన ఖాళీ గదిలో ఒకసారి, పరుపుల మధ్య ఒకసారి పెట్టించాను. పరుపుల మధ్య దాని తిక్క చాలావరకు తగ్గింది.

అప్పుడు 555 పెట్టాం. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ కామెన్‌జిండ్ 1971లో అమెరికాలో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం గీసిన ఐసీ అది. యాభై ఏళ్లు దాటినా దుకాణాల్లో పప్పుబెల్లాల్లా అమ్ముడుపోతోంది. దాని 2వ కాలు దగ్గర వోల్టేజీ, ఇచ్చిన సప్లైలో మూడో వంతు కంటే కిందికి పడితే అది మేలుకుంటుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ అయితే ఆ గీత మూడు వోల్టులు. మన ట్రాన్సిస్టర్ నిశ్శబ్దంలో నాలుగుకీ అయిదుకీ మధ్య నిలబడి, చప్పట్లకి ఆ గీత దాటి కిందికి దిగుతుంది. ఒకసారి మేలుకున్న 555 తన గడువు తీరేదాకా ఇంకే దెబ్బనీ లెక్కచేయదు. ఆ గడువెంతో చెప్పేవి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్. రెండిటినీ గుణించి 1.1తో హెచ్చవేస్తే సెకన్లు. 100 కిలో ఓములు, 10 మైక్రోఫ్యారడ్లు పెడితే 1.1 సెకన్లు. గోడల మీంచి వచ్చే చప్పుళ్లన్నీ ఆ సెకనులో సద్దుమణిగిపోతాయి. మళ్లీ ఇరవై సార్లు కొట్టింది. వెలగడం, ఆరడం గడియారం ముల్లులా నడిచింది. ఆ పేజీని నేను బంగారంలా చూస్తాను. బడుల్లో మార్కులు వేయాల్సింది ఆ పేజీకి, మెరిసే పెట్టెకి కాదు.

సౌకర్యాలు లేవని ఇప్పుడు అనలేం. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన పిల్లలకి కేంద్రం 10,000 రూపాయలు ఇస్తోంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు కొన్ని బడుల్లో ఉన్నాయి. ఉన్న ల్యాబుల తాళాలు తీసి, కాలిపోయిన ఐసీకి పిల్లల్ని తిట్టకుండా ఉంటే చాలు. 555 కాలితే పోయేది టీ డబ్బులు.

గోడలో కరెంటు దగ్గర మాత్రం నేను మొండివాణ్ని. పుస్తకాల్లో ఈ సర్క్యూట్ చివర ఒక రిలే ఉంటుంది, దాని అవతల 230 వోల్టుల బల్బో ఫ్యానో. ఆ భాగం పిల్లల చేతికి ఇవ్వకూడదు. పెట్టక తప్పకపోతే పని తెలిసిన ఎలక్ట్రీషియన్ పెట్టాలి. రిలే తెంచేది ఫేజు వైరునే కావాలి. న్యూట్రల్ తెంచితే బల్బు ఆరినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. ఇస్త్రీపెట్టె, గీజర్, స్టవ్ లాంటి వేడి సామాన్లని చప్పుడుకి అసలు కట్టకూడదు. కుక్కర్ విజిల్, పక్కింటి టపాసు, గాలికి కొట్టుకున్న తలుపు, అన్నీ దీనికి చప్పట్లే. మైకు కనిపెట్టిన ఆ జేమ్స్ వెస్టే ఎనిమిదేళ్ల వయసులో పాత రేడియో బాగుచేసి, మంచం ఇత్తడి పట్టీ మీద నిలబడి, పైకప్పు సాకెట్‌లో ప్లగ్గు పెడితే చెయ్యి అతుక్కుపోయింది. అన్నదమ్ముల్లో ఒకరు తోసి కింద పడేయబట్టి బతికాడు. అందరికీ పక్కన తోసేవాళ్లు ఉండరు.

నానమ్మ గదికి రిలే అక్కర్లేదు. 12 వోల్టుల అడాప్టర్, అడుగు పొడుగు ఎల్ఈడీ స్ట్రిప్, దాన్ని నడపడానికి ఒక బీడీ139 ట్రాన్సిస్టర్. మంచం నుంచి బాత్రూం గడప దాకా ఆ వెలుతురు సరిపోతుంది. ఇలాంటి పనికి మాట్లాడే స్పీకర్లు కూడా వచ్చాయి, కానీ అవి ఇంట్లో మాటల్ని ఇంటర్నెట్ అవతలికి పంపుతాయి. పడకగదిలో నాకది నచ్చదు. ఈ బోర్డుకి మాటలు తెలియవు, చప్పుడు పెద్దదా చిన్నదా అంతే.

అంతా బిగించాక నానమ్మని పిలిచాం. ఆవిడ చప్పట్లు కొట్టింది. వేళ్లు వంగని చేతులు మెత్తగా తగిలాయి. దీపం వెలగలేదు. గది ఒక్క క్షణం మూగబోయింది. ఆవిడ మాత్రం, "పోనీలేవే, ఇలా కొడితే?" అని చేతి గాజుని మంచం పట్టెకి ఠక్కున తగిలించింది. వెలిగింది! అమ్మాయి వెంటనే మైకుని విప్పి, రబ్బరు బ్యాండుతో మంచం కోడుకి కట్టింది. చెక్కలో నడిచి వచ్చే చప్పుడు ఇంకా గట్టిగా అందింది. టీవీ మాటలకి వెలగకుండా వేరియబుల్ రెసిస్టర్ తిప్పి సరిచేసింది.

మూడు రోజుల తర్వాత ఫోన్ చేసింది. నానమ్మ తిరిగి వచ్చి పడుకున్నాక ఆర్పడం మర్చిపోతోందట, దానంతటదే ఆరిపోవాలట. అలాగైతే 4017 తీసేయి, 555 గడువు పెంచి స్ట్రిప్‌ని దానికే కట్టు అన్నాను. ఒక మెగా ఓము, 100 మైక్రోఫ్యారడ్లు పెడితే 110 సెకన్లు వస్తాయని చెప్పాను.

"చాలదు మావయ్యా. నిన్న రాత్రి గడియారం పెట్టి చూశాను, నానమ్మకి మూడు నిమిషాలు దాటింది. 220 మైక్రోఫ్యారడ్లు పెడితే 242 సెకన్లు వస్తుంది. అదే పెడతాను" అంది.