టార్జాన్ గోస్ టు ఇండియా: హీరో మారాడు.. ఏనుగుల కష్టం మాత్రం మారలేదు!

టార్జాన్ అనగానే పాత తరానికి గుర్తొచ్చేది జానీ వైస్‌ముల్లర్ పెట్టే గావుకేక. ఆ తర్వాత లెక్స్ బార్కర్, గోర్డన్ స్కాట్ ఆ పాత్ర వేశారు. 1962లో మాత్రం టార్జాన్ ఏకంగా మన దేశానికే వచ్చేశాడు. అదీ కొత్త హీరోతో! ఆరు దశాబ్దాలు దాటాక ఇప్పుడు 'టార్జాన్ గోస్ టు ఇండియా' చూస్తే సాహసాల కంటే కథలోని సమస్యే ఎక్కువ పట్టేస్తుంది.

విలన్ టు హీరో..

కొత్త టార్జాన్ పేరు జాక్ మహోనీ. స్టంట్‌మ్యాన్‌గా పేరు తెచ్చుకున్న ఈయన 1960 నాటి 'టార్జాన్ ది మెగ్నిఫిసెంట్'లో విలన్. ఆ సినిమాలో టార్జాన్‌తో తలపడినవాడే, తర్వాతి సినిమాలో టార్జాన్ అయిపోయాడు. అప్పటికే వయసు నలభై దాటింది. కండల వీరుడేం కాదు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. కానీ విమానం నుంచి నేరుగా నీళ్లలోకి దూకే ఎంట్రీ సీన్‌తోనే ఆ లోటు మరిపించేస్తాడు. పైగా ముక్కలు ముక్కలుగా మాట్లాడే పాత టార్జాన్ కాదు. అవతలివాళ్లతో చక్కగా వాదిస్తాడు.

జాన్ గిల్లర్‌మిన్ డైరెక్ట్ చేసిన ఈ సినిమాను మైసూరు ప్రాంతంలో తీశారు. ఫిరోజ్ ఖాన్ ఇందులో రాజకుమారుడు. సిమీ గరేవాల్‌కు ఇదే తొలి సినిమా. 1930ల టార్జాన్ సినిమాల్లో మన జాతి ఏనుగులకే పెద్ద చెవులు తగిలించి ఆఫ్రికా ఏనుగులుగా చూపించేవారు. ఇక్కడ ఆ వేషాలేం అక్కర్లేకపోయింది.

డ్యామ్ సరే.. మరి ఏనుగులు?

కథ సింపుల్. డ్యామ్ కడుతున్నారు. లోయ మునిగిపోతుంది. అందులో వందల ఏనుగులున్నాయి. బయటపడే దారిని ఇంజినీర్లు మూసేశారు. వాటిని కాపాడమని మహారాజు టార్జాన్‌ను పిలిపిస్తాడు.

ఆ రోజులు ఎలాంటివో గుర్తు చేసుకోవాలి. మన నాగార్జునసాగర్ పనులు అప్పుడే జోరుగా సాగుతున్నాయి. 1955లో శంకుస్థాపన జరిగితే, 1967లో నీళ్లు వదిలారు. డ్యామ్ అంటే అన్నం, కరెంటు. అందుకే టార్జాన్ కూడా డ్యామ్ వద్దనడు. ఏనుగులకు దారి వదలమంటాడు.. అంతే. బయటి నుంచి వచ్చిన తెల్లవాడే రక్షకుడు కావడం ఇప్పటి కంటికి కాస్త ఇబ్బందే. అయితే ఏనుగుల మనసు తెలిసింది మాత్రం జై అనే స్థానిక కుర్రాడికి.

ఇప్పుడెందుకీ ముచ్చట?

1980ల్లో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి చిత్తూరు జిల్లా వైపు ఏనుగులు వచ్చాయి. నేటికీ కుప్పం, పలమనేరు రైతులకు రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదు. పంట పోతోంది, మనుషుల ప్రాణాలూ పోతున్నాయి. కరెంటు తీగలకు తగిలి ఏనుగులూ చస్తున్నాయి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది అందుకే.

కుంకీలు మందను పొలంలోంచి తరమగలవు. కానీ తరిమాక అది ఎటు వెళ్లాలి? అడవికీ అడవికీ మధ్య దారి మిగలకపోతే మళ్లీ పక్క ఊరి పొలంలోకే కదా! మహోనీ టార్జాన్ 1962లో ఇంజినీర్లను అడిగింది ఆ దారి గురించే.