మర బిగించడం మరమ్మతు కాదు

సైబరాబాదులో పాత జీపులకు మళ్ళీ మంచి రోజులు వచ్చినవి. మాదాపురం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కార్యాలయాల ముందు నునుపైన కొత్త కార్ల నడుమ ఒక జిప్సీయో, ఒక పాత మహీంద్రాయో తల ఎత్తుకొని నిలబడి ఉండడం ఇప్పుడు వింత కాదు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చున్న యువకులు ఆదివారం తెల్లవారుజామున వీటిని బయటికి తీసి, అనంతగిరి వైపు బురదలోకీ రాళ్ళ మీదికీ తోలుకొని పోతున్నారు. ఈ సరదాను నేను తప్పుపట్టను. తప్పుపట్టేది వారు డబ్బు ఖర్చుపెట్టే వరుసను. ముందు పెద్ద టైర్లు, తరువాత నెత్తిమీద దీపాల బారు, ఆ పైన ఇనుప బంపరు, దానికొక వించి. ఇవన్నీ అయిన తరువాత ఏమైనా మిగిలితే స్టీరింగు పెట్టె. ఈ వరుస తలక్రిందులు కావాలన్నది నా వాదం.

తెలుగు పంతులుకు స్టీరింగు పెట్టెతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. ఆ బండ్లు నడిచే రోడ్డు మీదనే నేనూ నడుస్తున్నాను గనుక పని ఉన్నది.

చేతిలోని చక్రం కొంతమేర తిరిగినా ముందు చక్రాలు కదలకపోవడాన్ని మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. ఆట అని అనువదిస్తే నవ్వు వస్తుంది గాని, తెలుగులో ‘వదులు’ అనే చక్కని మాట ఉండనే ఉన్నది. స్టీరింగుకు ‘చుక్కాని’ అని మన బ్లాగులలో కొందరు ఉత్సాహవంతులు వాడగా చూశాను; పడవకున్న అందం జీపుకు రాదు. అందుచేత పెట్టెను పెట్టె అనీ, స్టీరింగును స్టీరింగు అనీ అంటాను.

ఇంతకూ ఆ పెట్టెలో ఏమున్నది? స్టీరింగు కడ్డీ చివర మరచుట్లు గల ఇరుసు ఒకటి ఉంటుంది, దానిని వర్మ్ అంటారు. దాని మీద పెద్ద నట్టు. ఈ రెంటి నడుమ గాడిలో ఉక్కు గుండ్లు బారుగా దొర్లుతూ పోయి, ఒక సన్నని గొట్టం గుండా మళ్ళీ మొదటికి వస్తవి. నట్టు మీది పళ్ళు సెక్టర్ షాఫ్టు పళ్ళను త్రోస్తవి. ఆ షాఫ్టు చివర డ్రాప్ ఆర్మ్ ఊగుతుంది, అది కడ్డీలను లాగుతుంది, చక్రాలు తిరుగుతవి. రీసర్క్యులేటింగ్ బాల్ పద్ధతి అంటే ఇదే. 1985లో మొదలై 2018-19తో ముగిసిన జిప్సీ కథలో మొదటి నుంచి చివరిదాకా ఈ పద్ధతే. ఇంకా పాతవైన విల్లీస్ తరపు జీపులలో రాస్ వారి పెట్టె ఉండేది. అందులో గుండ్లు ఉండవు, మరచుట్ల గాడిలో మీటకున్న రెండు మేకులే నడుస్తవి. మేకుల మొనలు అరిగి చదునైతే ఆ బండిని తిన్నగా నడపడం ఒక అష్టావధానం.

అరుగుదల సంగతి చూద్దాము. ఏ బండి అయినా తన ఆయుష్షులో అత్యధిక భాగం తిన్నగానే పోతుంది. కాబట్టి పెట్టెలో పళ్ళు గాని, మరచుట్ల గాడి గాని నట్టనడుమ అరిగినంతగా ప్రక్కలకు అరుగవు. పాత గుడి మెట్లు చూడండి, అందరూ పాదం మోపే నడిభాగం గుంటపడి, అంచులు చెక్కినప్పటిలాగానే ఉంటవి. ఇక్కడా అంతే. పెట్టె చేసినవాడు నడిభాగాన్ని కాస్త బిగువుగా, ప్రక్కలను కాస్త వదులుగా ఉంచుతాడు. ఏళ్ళ తరబడి నడిచేసరికి అది సరిగ్గా తిరగబడుతుంది.

పెట్టె పైన లాకునట్టుతో ఒక సర్దుబాటు మర కనిపిస్తుంది. వదులు వచ్చిందనగానే స్పానరు, స్క్రూడ్రైవరు తీసికొని దానిని అరచుట్టు బిగించి, “అయిపోయింది సార్” అనడం ప్రతి షెడ్డులోనూ ఆనవాయితీ. నిజానికి తిన్నగా పోయేటప్పుడు వదులు తగ్గినట్లే అనిపిస్తుంది. కాని నడుమ అరిగిన పళ్ళు దగ్గరయ్యేంతగా బిగిస్తే, ప్రక్కన అరుగని పళ్ళు ఒకదానినొకటి నొక్కుకుంటవి. మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంత తానుగా తిన్నదనానికి రాదు, చేతితో లాగవలసి వస్తుంది. కొత్త పెట్టెకు కొలత ప్రకారం చేయవలసిన చిన్న సర్దుబాటు కోసం ఆ మరను పెట్టినారు. అరిగిన పెట్టెకు వైద్యంగా కాదు. (మరమ్మతులోని ‘మర’కు మన మరతో చుట్టరికం లేదు. అది అరబ్బీలో పుట్టి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన మాట. మన షెడ్లలో మాత్రం ఆ రెంటికీ వియ్యం కలిపినారు.)

కొండాపురంలో ఉద్యోగం చేసే నా పూర్వవిద్యార్థి జిప్సీకి ఇదే జరిగింది. ఏడాదిలో మూడు పర్యాయాలు మర బిగింపు, నాలుగవసారికి బిగించడానికి మర మిగలలేదు. బయోడైవర్సిటీ కూడలి దగ్గర కుడికి తిప్పిన స్టీరింగు కుడికే నిలిచిపోయిందని, రెండు చేతులతో లాగి తెచ్చుకున్నానని నవ్వుతూ చెప్పినాడు. నాకు నవ్వు రాలేదు. చివరకు సికింద్రాబాదు వైపు ఒక వృద్ధ ఉస్తాదు ఆ పెట్టెను విప్పినాడు. నూనె ఉండవలసిన చోట గ్రీజు ఉన్నది. సీలు కారుతున్నదని ఎవరో పూర్వం గ్రీజు కూరినారు. నూనె అయితే తిరిగి తిరిగి గుండ్ల దగ్గరికి చేరుతుంది. గ్రీజు ఒకసారి ప్రక్కకు నెట్టబడితే అక్కడే పేరుకొని కూర్చుంటుంది, గుండ్లు ఎండిపోతవి. గుండ్ల మీద మశూచి మచ్చల వంటి గుంటలు, గాడిలోనూ అవే. “దీనికి మర బిగించినా ఒకటే, తాయెత్తు కట్టినా ఒకటే” అన్నాడు ఉస్తాదు.

అట్టి పెట్టెకు రెండే దారులు. గాడి బాగుండి బుష్షులు, బేరింగులు, సీలు మాత్రమే పోయి ఉంటే వాటిని మార్చి పునరుద్ధరించవచ్చు. గాడిలో గుంటలు పడితే పెట్టెనే మార్చాలి. రాణీగంజ్ అంగళ్ళలో వెదికితే పాత బండ్ల పెట్టెలు దొరుకుతవి. పైన కొత్త రంగు వేసిన పాతవీ దొరుకుతవి. వేలితో షాఫ్టును త్రిప్పి చూడకుండా కొనరాదు. చిక్కుచిక్కుగా తగిలితే అక్కడే వదిలి రావాలి.

కేంద్ర మోటారు వాహన నియమాలలో (1989) 98వ నియమం స్టీరింగు చక్రం మీద వదులు 30 డిగ్రీలు మించరాదంటుంది. 40 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం అంచున 30 డిగ్రీలంటే దాదాపు పదిన్నర సెంటీమీటర్లు, మన లెక్కలో నాలుగంగుళాల పైచిలుకు. ఇది గరిష్ఠ హద్దే తప్ప మంచి ఆరోగ్యానికి లక్షణం కాదు. పిల్లవాడికి 35 మార్కులు వస్తే ఉత్తీర్ణుడంటాము గాని పండితుడనము కదా! గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు సాగుతుంది. అవుటర్ రింగు రోడ్డు మీద ప్రక్కన లారీ దూసుకుపోయినపుడు గాలి త్రోపుకు జీపు ఒరిగితే, ఆ నాలుగంగుళాల ఖాళీ దాటి చక్రాలకు ఆజ్ఞ అందేసరికి ఎంత దూరం పోతుందో మన ఇంజనీరు మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

పెద్ద టైర్ల వారికి మరొక మాట. టైరు పెద్దదీ వెడల్పైనదీ అయినకొద్దీ రాయి తగిలినపుడు వెనుకకు వచ్చే తాపు కూడా పెరుగుతుంది. ఆ తాపు కడ్డీల గుండా నేరుగా పెట్టెలోకీ, పెట్టెను ఛాసిస్‌కు పట్టి ఉంచిన బోల్టులలోకీ వస్తుంది. పాత జీపు డ్రైవర్లు కొత్తవారికి మొదట నేర్పేది బొటనవ్రేళ్ళను చక్రం లోపల పెట్టవద్దని. రాయి తన్నితే చక్రం గిర్రున తిరిగి వ్రేలు విరుగుతుంది. మనిషి వ్రేలు విరిచే తాపును అరిగిన పళ్ళు ఎన్నాళ్ళు ఓర్చుకుంటవి?

“ఇవన్నీ ఎందుకు మాస్టారూ, పవర్ స్టీరింగు వేయిస్తే తీరిపోతుంది” అనేవారున్నారు. వేరే కారులోని విద్యుత్ మోటారు గల స్టీరింగు కడ్డీని తెచ్చి జిప్సీకి అతికించడం ఇప్పుడు బాగా సాగుతున్నది. ఆ మోటారు ఉండేది పెట్టెకు పైన. అది ఇచ్చే బలమంతా అదే పాత పెట్టె గుండా పోవాలి. వదులు ఎక్కడికీ పోదు. చేతికి బరువు తెలియదు గనుక బిగుసుకున్న పళ్ళు కూడా తేలికగా తిరిగినట్లు తోస్తవి. నొప్పి తెలియకుండా మాత్ర మింగి విరిగిన కాలితో పరుగెత్తడం వంటిది. ముందు పెట్టె బాగుచేసుకొని, కడ్డీలు, ఛాసిస్ సరిచూసుకొని, ఆ పైన పవర్ కావాలంటే కాదనను. నా వయసువారు నడపాలంటే అది మేలు కూడాను.

మరికొందరు రీసర్క్యులేటింగ్ బాల్ పాతబడిందనీ, రాక్ అండ్ పినియన్ వేయాలనీ అంటారు. ఇది మరీ తొందరపాటు. ముందు ఇరుసు ఒకే దిమ్మగా పైకీ క్రిందికీ ఊగే బండికీ, చక్రాలు వేటికవే ఊగే కారుకూ లెక్క వేరు. రాళ్ళ తాపులను ఓర్చుకోవడంలో గుండ్ల పెట్టెదే పైచేయి. 2023లో మన దేశంలో విడుదలైన జిమ్నీలో సైతం గుండ్ల పద్ధతినే ఉంచి, దానికి విద్యుత్ సహాయం జోడించినారు. పాతదని మనం పారవేయబోయేదానిని చేసినవాడే వదలలేదు.

చట్టం సంగతి కూడా ఉన్నది. తయారీదారు ఇచ్చిన స్వరూపానికి, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. ఇనుప బంపర్ల మీద కేంద్రం 2017 డిసెంబరులోనే చర్యకు ఆదేశించింది. అరిగిన పెట్టె తీసి అదే రకం పెట్టె వేయడం బాగుచేత మాత్రమే. వేరే రకం బిగించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇంత చెప్పినానని రేపే పెట్టె కొనడానికి పరుగెత్తవద్దు. వదులు ఎక్కడిదో ముందు తేల్చుకోవాలి. ఇంజను ఆపి, చక్రాలు నేల మీదనే ఉంచి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తుండగా మరొకరు క్రింద చూడాలి. కడ్డీ తిరుగుతున్నా డ్రాప్ ఆర్మ్ కదలకపోతే దోషం పెట్టెది. డ్రాప్ ఆర్మ్ కదిలి చక్రం కదలకపోతే కడ్డీల చివరల బాల్ జాయింట్లు చూడాలి. పెట్టె యావత్తూ ఛాసిస్ మీద కదులుతుంటే బోల్టులో, ఛాసిస్ పగులో. పది నిమిషాల పని, ఖర్చు లేదు. పెట్టెదే దోషమని తేలి షెడ్డుకు తీసికొనిపోతే, డ్రాప్ ఆర్మ్ ఏ పన్ను మీద కూర్చున్నదో గుర్తు పెట్టి, పుల్లరుతో లాగేవాడికి బండి అప్పగించండి. సుత్తి ఎత్తినవాడి దగ్గర తాళం తిరిగి తీసికొని వచ్చేయండి.