ర్యాంకు అడుగుతారు, ఇంటర్న్‌షిప్ సంగతి అడగరేం?

ఉమ్మడి కడప జిల్లాకు వలస కొత్తేమీ కాదు. రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు వెళితే కువైట్ తెలియని వీధి ఉండదు. ఆ రోజుల్లో మనిషిని విమానం ఎక్కించే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఏజెంటును గుచ్చిగుచ్చి అడిగేవారు. వీసాకు ఎంత, సేటు ఎట్లాంటోడు, జీతం నెలనెలా చేతికిస్తారా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? అక్షరం ముక్క రాని మేనత్త కూడా ఈ ప్రశ్నలు అడిగేది. ఇప్పుడు అలాంటి ఇళ్ల నుంచే పిల్లలు మాస్టర్స్ చదవడానికి మెల్‌బోర్న్‌కో సిడ్నీకో అడిలైడ్‌కో బయల్దేరుతున్నారు. ఖర్చు కువైట్ వీసాకు అయినదానికి ఎన్నో రెట్లు. ప్రశ్నలు మాత్రం మూడుకు తగ్గిపోయాయి. యూనివర్సిటీ ర్యాంకెంత, ఫీజెంత, పీఆర్ (శాశ్వత నివాసం) వస్తుందా?

"సదువుకుంటా పని యాడ నేర్చుకుంటాడు సార్? దానికి వాళ్లు డబ్బులిస్తారా, మనమే ఎదురు పెట్టుకోవాల్నా?" అని అడిగే తండ్రి కన్సల్టెన్సీ ఆఫీసులో కనిపించడం అరుదు. అసలు అడగాల్సింది అదే. ఆస్ట్రేలియాలో డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగమిచ్చేవాడు మొదట అడిగేది మార్కులు కాదు, ఇక్కడ ఎక్కడ పనిచేశావు అని. ఆ అనుభవం కోర్సులోనే ఉందా, లేకపోతే విద్యార్థే వెతుక్కోవాలా అన్నదాన్ని బట్టి రెండేళ్ల బతుకు, అప్పు తీరే వేగం మారిపోతాయి.

ముందు ఖర్చు చూద్దాం. స్టూడెంట్ వీసా దరఖాస్తు ఫీజు 2024 జులై దాకా 710 ఆస్ట్రేలియా డాలర్లు. ఆ నెలలో 1,600 అయింది, 2025 జులైలో 2,000కు చేరింది. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఏడాది బతకడానికి 29,710 డాలర్లు ఉన్నట్టు చూపించాలన్న నిబంధన 2024 మే నుంచి ఉంది. డాలరుకు 58 రూపాయలు వేసుకున్నా అది 17 లక్షలు దాటుతుంది. ట్యూషన్ ఫీజు, విమానం ఖర్చు, ఆరోగ్య బీమా దీనికి అదనం. ప్రొద్దుటూరులోనో నంద్యాలలోనో ఇల్లు తాకట్టు పెట్టి ఎడ్యుకేషన్ లోన్ తెచ్చిన కుటుంబానికి ఇదంతా నోటికి వచ్చు. ఎందుకంటే ఇవి కన్సల్టెన్సీ కాగితం మీద వేసి ఇచ్చే అంకెలు. "మా సర్వీసు ఫ్రీ" అని కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. ఫ్రీ ఎందుకంటే, చేరిన ప్రతి విద్యార్థి మీదా యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే కమిషన్ వచ్చేది అడ్మిషన్‌కు. ఇంటర్న్‌షిప్ దొరికినా దొరకకపోయినా వాళ్లకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు.

అక్కడికి చేరాక మొదలయ్యేది గంటల లెక్క. తరగతులు జరిగే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద రెండు వారాలకు 48 గంటలకు మించి పనిచేయకూడదు. కోవిడ్ సమయంలో గంటల పరిమితి ఎత్తేశారు, 2023 జులై 1న దాన్ని 48 గంటలుగా మళ్లీ పెట్టారు. చూడటానికి ఇది సులువైన లెక్క. అందులోనే బోర్లా పడేవాళ్లున్నారు. ఒక కుర్రాడు మొదటి వారం 20 గంటలు, రెండో వారం 28 చేశాడనుకుందాం. మొత్తం 48, సరిపోయింది. మూడో వారం 22, నాలుగో వారం 26. అదీ 48 కదా అని ధీమాగా ఉంటాడు. కానీ అక్కడి ప్రభుత్వం ఏ సోమవారం నుంచి చూసినా ఆ పద్నాలుగు రోజుల్లో 48 దాటకూడదంటుంది. రెండో వారం, మూడో వారం కలిపితే 50. వీసా షరతు తప్పినట్టే. రెస్టారెంట్‌లో పక్కవాడు రాలేదని మేనేజర్ బతిమాలితే ఎక్కిన రెండు గంటల షిఫ్టు ఖరీదు ఇది.

సంపాదన తక్కువేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2025 జులైలో అక్కడి జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు అయింది. క్యాజువల్ పనికి దానిమీద ఇంకో 25 శాతం కలుస్తుంది. మామూలు రేటుకే వారానికి 24 గంటలు చేస్తే పన్నుకు ముందు 600 డాలర్ల దాకా వస్తుంది. అద్దె, తిండి, బస్సు ఖర్చు దాంతో నెట్టుకురావచ్చు. చిక్కంతా ప్లేస్‌మెంట్, అంటే కోర్సులో భాగంగా బయట చేయాల్సిన పని, మొదలైనప్పుడు వస్తుంది.

సోషల్ వర్క్‌నే తీసుకోండి. పీఆర్ తొందరగా వస్తుందన్న ఆశతో మనవాళ్లు ఈ మధ్య బాగా చేరుతున్న కోర్సు. అర్హత రావాలంటే 1,000 గంటల ఫీల్డ్ ప్లేస్‌మెంట్ చేయాలి. నర్సింగ్ డిగ్రీకి కనీసం 800 గంటలు. ఈ గంటలకు మామూలుగా జీతం ఉండదు. కోర్సులో తప్పనిసరి భాగం కాబట్టి 48 గంటల లెక్కలోకి రావు, అదొక్కటే ఊరట. రెండు విడతలుగా 500 గంటల చొప్పున చేసేవాళ్లు ఒక్కో విడతలో పద్నాలుగు వారాల పాటు వారానికి 35 గంటలు ఏదో ఒక వృద్ధాశ్రమంలోనో, సేవాసంస్థలోనో ఉండాలి. సాయంత్రం అక్కడి నుంచి తిన్నగా షాపుకో గోడౌన్‌కో వెళ్లి వారానికి మరో 24 గంటల పని పూర్తిచేయాలి. రెండూ కలిపి 59 గంటలు. అసైన్‌మెంట్లు ఎప్పుడు రాస్తారో ఆ పిల్లలకే తెలియాలి. అదే 1,000 గంటలు కనీస వేతనానికి చేసి ఉంటే 24,950 డాలర్లు, అంటే పద్నాలుగు లక్షల రూపాయల పైమాట. ఈ అంకె ఏ కన్సల్టెన్సీ కాగితంలోనూ ఉండదు.

ఇది ఒక్క మన పిల్లల బాధే కాదు. జీతం లేని ప్లేస్‌మెంట్ల వల్ల చదువు మానేస్తున్నామని ఆస్ట్రేలియా విద్యార్థులే గట్టిగా గొంతెత్తారు. దాంతో 2025 జులై నుంచి నర్సింగ్, టీచింగ్, సోషల్ వర్క్ విద్యార్థులకు ప్లేస్‌మెంట్ జరిగే వారాల్లో 300 డాలర్లకు పైగా ప్రభుత్వమే ఇస్తోంది. అర్హత స్వదేశీ విద్యార్థులకే. ఎక్కువ ఫీజు కట్టి వచ్చిన విదేశీ విద్యార్థి అదే వార్డులో అదే పనిచేసినా అతనికి రూపాయి రాదు. ఎవరి పన్నుల డబ్బు వాళ్ల పిల్లలకు ఇచ్చుకుంటారు, కాదనలేం. అయితే ఆ సంగతి చేరకముందే తెలిసి ఉండాలి.

ఇంజినీరింగ్, ఐటీ వాళ్ల కథ వేరు. ఇంజినీరింగ్ కోర్సుల్లో చాలావరకు పన్నెండు వారాల పారిశ్రామిక అనుభవం అడుగుతాయి, దాన్ని వెతుక్కునే భారం మటుకు చాలాచోట్ల విద్యార్థి మీదే. ఐటీ మాస్టర్స్‌లో ఇంటర్న్‌షిప్ కొన్నింట్లో తప్పనిసరి, కొన్నింట్లో ఐచ్ఛికం, కొన్నింట్లో అసలు లేదు. పెద్ద కంపెనీలు వేసవి ఇంటర్న్‌షిప్‌లు ఇస్తాయి. అక్కడ వేసవి అంటే డిసెంబరు, జనవరి. దరఖాస్తులు మాత్రం నెలల ముందే తీసుకుంటారు. జులైలో దిగి, అద్దె ఇల్లు చూసుకుని, తేరుకునేసరికి చాలా తలుపులు మూసుకుపోతాయి. తెరిచి ఉన్నవాటిలో కూడా పౌరులకూ పీఆర్ ఉన్నవాళ్లకే అన్న షరతు చాలాచోట్ల కనిపిస్తుంది.

అలా దొరకనివాళ్లు డిగ్రీ అయ్యాక ప్రొఫెషనల్ ఇయర్‌లో చేరతారు. అకౌంటింగ్, ఐటీ, ఇంజినీరింగ్ చదివినవాళ్లకు 44 వారాల కార్యక్రమం, అందులో 12 వారాలు ఇంటర్న్‌షిప్. దీనికి మళ్లీ వేల డాలర్ల ఫీజు. ఆ ఇంటర్న్‌షిప్‌కు చాలావరకు జీతం ఉండదు. పూర్తిచేస్తే పీఆర్ లెక్కలో ఐదు పాయింట్లు వస్తాయి. లక్షలు పోసి మాస్టర్స్ చదివి, పని నేర్చుకోవడానికి మళ్లీ ఇంకొకరికి ఫీజు కట్టడమేమిటని ఊళ్లో తండ్రి అడిగితే కొడుకు దగ్గర జవాబు ఉండదు. మాస్టర్స్ ఎంచుకునే రోజున చూసుకోవాల్సిన సంగతి అది.

పాయింట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. నాటీ అనే అక్కడి అనువాద సంస్థ పెట్టే సీసీఎల్ పరీక్ష తెలుగులోనూ ఉంది. ఇద్దరి మధ్య సంభాషణను తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి, ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి నోటితో మార్చి చెప్పాలి. నెగ్గితే ఐదు పాయింట్లు. ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం అంటూ తెలుగును పక్కనబెట్టిన పిల్లలు అక్కడికెళ్లి ఆ పాయింట్ల కోసం తెలుగు కోచింగ్ తీసుకుంటారు. కడపలో పుట్టి తెలుగుకు ట్యూషన్ ఫీజు కట్టడం కన్నా వింత ఇంకేముంది!

మోసాల సంగతికొస్తే, 2015లో సెవెన్ ఎలెవెన్ దుకాణాల వ్యవహారం బయటపడింది. పనిచేసేవాళ్లలో విదేశీ విద్యార్థులే ఎక్కువ, అందులో మనదేశపు పిల్లలు చాలామంది. సగం జీతానికి పనిచేయించుకోవడం, కాగితం మీద పూర్తి జీతం చూపించి కొంత వెనక్కి తీసుకోవడం, నోరెత్తితే వీసా గంటలు దాటావని చెప్పేస్తామని బెదిరించడం. చివరికి కంపెనీ 16 కోట్ల డాలర్లకు పైగా బకాయిలు చెల్లించాల్సి వచ్చింది. ఆ తర్వాత చట్టాలు గట్టిపడ్డాయి. కావాలని జీతం ఎగ్గొట్టడం 2025 జనవరి నుంచి అక్కడ నేరం. జీతం ఇచ్చిన మరుసటి పనిదినంలోగా పే స్లిప్ ఇవ్వాలి. కోర్సుతో సంబంధం లేకుండా, ఉద్యోగి చేసే పనే చేయించుకుంటూ దానికి ఇంటర్న్‌షిప్ అని పేరు పెట్టినంత మాత్రాన జీతం ఎగ్గొట్టే హక్కు యజమానికి రాదు. ఉద్యోగుల హక్కులు చూసే ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదు చేయవచ్చు, ఇంగ్లిష్ రాకపోయినా ఫోన్‌లో దుబాసీ సాయం దొరుకుతుంది. ఇన్ని ఉన్నా "క్యాష్ ఇన్ హ్యాండ్" పనులు ఆగలేదు. దానికి మన మొహమాటం కూడా ఒక కారణం. యజమాని తెలుగాయన, పండక్కి పిలిచి భోజనం పెట్టాడు, ఆయన్ని పే స్లిప్ ఎట్లా అడిగేది?

ఇంటికి ఫోన్ చేస్తే ఇవేవీ మాటల్లోకి రావు. "తిన్యావా అబ్బీ?" "తిన్యా మా." "పని యట్లుండాది?" "బాగుండాది." మెల్‌బోర్న్‌లో రాత్రి పదిన్నర అయితే కడపలో సాయంత్రం ఆరు. అమ్మ సంగటి కెలుకుతూ మాట్లాడుతుంది. అబ్బాయి గోడౌన్‌లో బ్రేక్ టైమ్‌లో ఉంటాడు.

పొరపాటంతా అక్కడే మొదలవుతోందనుకుంటే పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ కోర్సుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఇంజినీరింగ్‌లోనూ పెట్టారు. ఆలోచన మంచిదే, నిజానికి చాలా మంచిది. అమలులో అది చాలాచోట్ల ఆన్‌లైన్‌లో నాలుగు వీడియోలు చూసి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడంగా మిగిలింది. రికార్డు పుస్తకం సీనియర్‌ది ఎక్కించుకుంటే సరి. అలాంటి సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లిన పిల్లవాణ్ణి అడిలైడ్‌లో ఇంటర్వ్యూ చేసేవాడు, నువ్వు పనిచేసిన చోట ఒక సమస్య వస్తే ఏం చేశావో చెప్పు అంటాడు. పనిలో చేర్చుకుంటే రోజువారీ లాగ్‌బుక్ రాయమంటాడు, వారానికోసారి సూపర్‌వైజర్ దాన్ని చదివి సంతకం చేస్తాడు. ఇంగ్లిష్ రాక కాదు, చెప్పడానికి అనుభవం లేక పిల్లవాడు తడబడతాడు.

అట్లని మన చుట్టూ పనికి కొదవ ఉందా? యర్రగుంట్ల చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలు. తుమ్మలపల్లెలో యురేనియం గని. మంగంపేటలో ప్రపంచంలోనే పేరున్న బెరైటీస్ నిక్షేపం. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. గనులంటే ఆస్ట్రేలియా ఆర్థిక వ్యవస్థకు ఆయువుపట్టు. సౌరవిద్యుత్తుకొస్తే, అక్కడ ప్రతి మూడిళ్లలో ఒక ఇంటి పైకప్పు మీద సోలార్ పలకలున్నాయి. మన కుర్రాడు గని శకునాలలో ఆరు నెలలు ఇన్వర్టర్ల మధ్య తిరిగి వెళితే ఇంటర్వ్యూలో చెప్పడానికి బోలెడు మాటలుంటాయి. నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్నదాన్ని చూడకుండా తొమ్మిది వేల కిలోమీటర్లు పోతున్నారు.

ఇంకో దారి కూడా తెరుచుకుంది. భారత్, ఆస్ట్రేలియాల మధ్య కుదిరిన మేట్స్ పథకం 2024 డిసెంబరులో మొదలైంది. ఏడాదికి మూడు వేల మంది యువ పట్టభద్రులు స్పాన్సర్ లేకుండానే వెళ్లి రెండేళ్లు పనిచేయవచ్చు. పునరుత్పాదక ఇంధనం, గనులు, ఐటీ, వ్యవసాయ సాంకేతికత లాంటి రంగాలవాళ్లకు. మాస్టర్స్ ఫీజు కట్టకుండానే అక్కడి పని అనుభవం దొరుకుతుంది. అర్హతల్లో ఒకటి, కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి నూరు సంస్థల్లో చదివి ఉండాలి. కడప, కర్నూలు కాలేజీల్లో చదివినవాళ్లలో అత్యధికులు ఈ ఒక్క షరతు దగ్గరే ఆగిపోతారు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో కష్టపడి చదివిన పల్లెటూరి పిల్లకు సౌరవిద్యుత్తులో ఎంత పట్టున్నా అది ఆ వడపోతకు కనిపించదు. ఈ షరతు సడలించమని ఢిల్లీలో అడగాల్సిన పని మన ఎంపీలది. ఇప్పటిదాకా ఆ ఊసు పెద్దగా వినబడలేదు.

కాలేజీల చేతిలో ఉన్న పని మాత్రం ఢిల్లీ దాకా పోయేది కాదు. యోగి వేమన విశ్వవిద్యాలయం, రాయలసీమ విశ్వవిద్యాలయం తమ పరిధిలోని కాలేజీల ఇంటర్న్‌షిప్ రికార్డులను వచ్చే సెమిస్టర్ నుంచే తనిఖీ చేయవచ్చు. పిల్లవాడు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాడు, అక్కడ ఎవరి కింద పనిచేశాడు, సంతకం పెట్టిన ఇంజినీరు ఫోన్ ఎత్తుతాడా? ఈ మూడు చూస్తే చాలు, సగం సర్టిఫికెట్లు రాలిపోతాయి. తల్లిదండ్రులు కూడా కన్సల్టెన్సీలో డిపాజిట్ కట్టే ముందు కోర్సు హ్యాండ్‌బుక్ తెరిపించి ప్లేస్‌మెంట్ పేజీ చదివించుకోవాలి. ఎన్ని గంటలు, ఎవరు వెతకాలి, జీతం ఉందా, ఆ నెలల్లో అద్దె ఎట్లా కట్టాలి? హ్యాండ్‌బుక్ ప్రతి యూనివర్సిటీ సైట్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. అది తెరవడానికి కన్సల్టెంట్ నీళ్లు నమిలితే ఆ ఆఫీసు మెట్లు దిగి వచ్చేయడమే.